బండి తిరిగే ఊళ్లోనే రిమోట్ డ్రైవర్ కుర్చీ

ఇంట్లో కూర్చుని అమెరికాలో కారు నడపొచ్చు, జీతం డాలర్లలో వస్తుంది అని ఎవరైనా చెబితే ఒడిశాలోని బరంపురం, రాయగడ, గుణుపురం కుర్రాళ్లకు ఆశ పుట్టడంలో తప్పులేదు. సూరత్ రైలు ఎక్కే పని లేకుండా, అమ్మానాన్నల దగ్గరే ఉండి సంపాదించుకోవచ్చంటే ఎవరికి చేదు? ఆ ఉద్యోగం ఉన్నమాట నిజమే. అది తీగ పట్టుకుని రాయగడ దాకా వస్తుందన్నది మాత్రం నిజం కాదు. ఎందుకు రాదో పని జరిగే తీరు చూస్తేనే అర్థమవుతుంది.

బెర్లిన్‌లో 2018లో పుట్టిన వే అనే కంపెనీ 2024 జనవరిలో లాస్‌వేగాస్‌లో ఈ సేవ మొదలుపెట్టింది. కస్టమర్ యాప్‌లో కారు అడుగుతాడు. దగ్గర్లో ఉన్న ఖాళీ కారును కంపెనీ కేంద్రంలో తెర ముందు కూర్చున్న డ్రైవరు అతని గుమ్మం దాకా నడిపించుకొస్తాడు. కస్టమర్ ఎక్కి తానే నడుపుకుంటాడు. పని అయ్యాక దిగి వెళ్లిపోతాడు. పార్కింగ్ వెతుక్కోవడం, బండిని తిరిగి తీసుకెళ్లడం మళ్లీ కేంద్రంలోని డ్రైవరు వంతు. కస్టమర్ నడుపుకుంటున్నంతసేపూ ఆ డ్రైవరు ఇంకో కారు చూసుకుంటాడు. లాభం అక్కడుంది. మన దగ్గర సెల్ఫ్ డ్రైవ్ కారును, అంటే అద్దెకు తీసుకున్నవాళ్లే నడుపుకునే కారును, పదిహేను కిలోమీటర్ల దూరం ఇచ్చి రావాలంటే ఒకరు కారు తీసుకెళ్లాలి, ఆయన్ని వెనక్కి తేవడానికి ఇంకొకరు బైకు మీద వెంట వెళ్లాలి. ఒక్క డెలివరీకి ఇద్దరి పూట పోతుంది. కూలి ఖరీదైన ఊళ్లో ఆ రెండో మనిషిని తగ్గించుకోవడానికే ఇంత సరంజామా.

కేంద్రంలో స్టీరింగ్, పెడళ్లు, ముందూ పక్కలా కనిపించే తెరలు, బయటి చప్పుడు వినిపించే హెడ్‌ఫోన్లు, బండిని ఉన్నపళంగా ఆపే బటన్ ఉంటాయి. చూడ్డానికి ఆటలా ఉంటుంది కానీ, మామూలు డ్రైవింగ్ కంటే ఇదే కష్టం. బండి సంగతిలో సగం డ్రైవరుకు అతని నడుమే చెబుతుంది. బ్రేకు ఎంత గట్టిగా పడింది, చక్రం జారుతోందా, గుంత ఎంత లోతు అన్నది సీటు చెబితే తెలుస్తుంది. కేంద్రంలోని కుర్చీ కదలదు. అందుకే కొత్తవాళ్లు బ్రేకు ఆలస్యంగానైనా తొక్కుతారు, విదిలించినట్టయినా తొక్కుతారు. చదునైన తెర మీద దూరం అంచనా తప్పుతుంది, వేగం ఉన్నదానికంటే తక్కువగా అనిపిస్తుంది. ఎదురెండ, లెన్సు మీద వాన చుక్క, రాత్రి ఎదురొచ్చే లారీ హైబీమ్ తెరను తెల్లబరుస్తాయి. మామూలుగా అయితే తల పక్కకు వంచి చూస్తాం. అక్కడ వంచినా కెమెరా కదలదు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఆలస్యం. కెమెరా బొమ్మ తీయాలి, దాన్ని కుదించాలి, టవర్ మీదుగా పంపాలి, తెర మీద విప్పాలి. డ్రైవరు తిప్పిన స్టీరింగ్ మళ్లీ అదే దారిన బండికి చేరాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 11 మీటర్లు పోతుంది. అంటే సెకనులో పదో వంతు ఆలస్యమైతే 1.1 మీటర్లు, పావు సెకను అయితే దాదాపు 2.8 మీటర్లు. తెర మీద పిల్లవాడు రోడ్డు మీదికి అడుగుపెట్టినట్టు కనిపించేసరికే బండి అంత ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. డ్రైవరు కాలు కదిలే సమయం దీనికి అదనం. ఆలస్యం ఒకే తీరుగా ఉంటే మనిషి కొంత అలవాటు పడతాడు. ఒక క్షణం తక్కువ, మరుక్షణం ఎక్కువ అయితే అలవాటు పడే వీలే ఉండదు. స్టీరింగ్ తిప్పినా బండి తిరగలేదనుకుని ఇంకాస్త తిప్పుతాడు, అంతలో రెండూ కలిసి తిరుగుతాయి, సరిదిద్దబోయి అటు తిప్పుతాడు. బండి పాములా మెలికలు పోతుంది.

బరంపురం నుంచి లాస్‌వేగాస్ దాకా భూగోళం మీద గీత గీస్తే 13 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్ తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. తీగ తిన్నగా వేసినా బొమ్మ ఇటు రావడానికీ ఆజ్ఞ అటు వెళ్లడానికీ సెకనులో ఏడో వంతు దాకా పడుతుంది. సముద్ర కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి నిజంగా పట్టే సమయం ఇంకా ఎక్కువ. కెమెరా, కుదింపు, టవర్ల ఆలస్యం వేరే. దూరం వల్ల పట్టే సమయం ఎంత డబ్బు పోసినా తగ్గేది కాదు. అందుకే కుర్చీని బండి తిరిగే ఊళ్లోనో, దానికి దగ్గర్లోనో పెట్టుకుంటారు.

చట్టమూ అదే వైపు నడుస్తోంది. బ్రిటన్ లా కమిషన్ 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వానికిచ్చిన సలహాలో, విదేశం నుంచి బ్రిటన్ రోడ్ల మీద బండి నడపడాన్ని నిషేధించాలని చెప్పింది. ప్రమాదం జరిగితే వేరే దేశంలో కూర్చున్న మనిషిని పట్టుకుని విచారించేదెవరు? జర్మనీ 2025 డిసెంబర్ 1 నుంచి ఐదేళ్ల ప్రయోగంగా రిమోట్ డ్రైవింగ్‌కు నిబంధనలు తెచ్చింది. అక్కడా ముందుగా అనుమతి పొందిన ప్రాంతాల్లోనే నడపాలి. కాబట్టి విదేశీ రిమోట్ డ్రైవర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని అంటూ శిక్షణ ఫీజో రిజిస్ట్రేషన్ ఫీజో అడిగితే రూపాయి కూడా కట్టొద్దు. ఆ దేశమే వెళ్లి చేసే ఉద్యోగం అంటే, ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగే సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగిపోవాలి.

మరి మన రోడ్ల మీదే ఈ సేవ వస్తే? సాలూరు నుంచి సుంకి ఎక్కే ఘాట్ రోడ్డు తీసుకోండి. సిగ్నల్ తెగితే బండి చేయగలిగింది తనంతట తాను బ్రేకు వేసుకుని ఆగడమే. లాస్‌వేగాస్ వెడల్పాటి రోడ్డు మీద అది భద్రత. ఘాట్ మలుపులో, వెనక లోడు లారీ దిగుతుండగా, అదే ప్రమాదం. రెండు మూడు కంపెనీల సిమ్‌లు ఒకేసారి వాడినా, కొండ చాటున అన్నీ కలిసే పోతాయి. పైగా బండి నుంచి వీడియో బయటికి వెళ్లాలి. మొబైల్ నెట్‌వర్క్‌లో డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ ఎప్పుడూ సన్నదారే. కొండ దిగాక ఇంకో చిక్కు. కోతల కాలంలో సగం రోడ్డు మీద చోళ్లు ఆరబోస్తారు. కెమెరాకు అది మట్టి రంగు తారులాగే కనిపిస్తుంది. ఊరి డ్రైవరు అయితే అంచున పెట్టిన రాళ్లు చూసి, పక్కన చేట పట్టుకున్న ముసలమ్మను చూసి తప్పిస్తాడు. బరంపురం స్టేషన్ నుంచి గోపాల్‌పూర్ బీచ్ లాంటి చదునైన, టవర్లు దట్టంగా ఉన్న చిన్న దారిలో ప్రయోగం చేయొచ్చేమో. అంతకు మించి ఇప్పట్లో వద్దనే నా అభిప్రాయం.

మన మోటారు వాహనాల చట్టం 1988 కూడా డ్రైవరు బండిలోనే ఉంటాడనుకుని రాసిందే. డ్రైవరు సీట్లో లైసెన్సు ఉన్న మనిషైనా ఉండాలి, లేదా ఇంజను ఆపి బ్రేకైనా వేసి ఉండాలి, అప్పుడే బహిరంగ స్థలంలో బండిని నిలిపి ఉంచాలని సెక్షన్ 126 అంటుంది. అంటే సీటు ఖాళీగా ఉన్న కారు ఇంజను ఆపకుండా రెడ్ సిగ్నల్ దగ్గర ఆగడమే పేచీ. ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూడాల్సిన బాధ్యత సెక్షన్ 134 డ్రైవరు మీదే పెట్టింది. తెర ముందు కూర్చున్నవాడు ఎవరిని ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళతాడు? ఈ సెక్షన్లు తిరగరాయకుండా రిమోట్ అద్దె కారు ఇక్కడ రోడ్డెక్కడం అన్యాయం, ముఖ్యంగా నడిచి వెళ్లేవాళ్లకు.

ఈలోగా ఇక్కడ నిజంగా దొరికే పని సెల్ఫ్ డ్రైవ్ కార్ల డెలివరీ. ముందు నంబర్ ప్లేటు చూడండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ పథకం కింద లైసెన్సుకు కనీసం 50 బండ్లు కావాలి. చిన్న ఊళ్లలో అన్ని బండ్లు పెట్టగలిగేవాళ్లు లేక, సొంత వాడకపు తెల్ల ప్లేటు కార్లే అద్దెకు తిరుగుతున్నాయి. పర్మిట్ లేకుండా తిప్పితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192ఎ కింద మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ప్రమాదమైతే బీమా కంపెనీ బండి నష్టం చెల్లించనంటుంది. స్టీరింగ్ పట్టుకున్న మీరు మధ్యలో నలిగిపోతారు. 50 అనే ఆ అంకెను చిన్న పట్టణాలకు తగ్గించకపోవడం వల్లే ఈ తెల్ల ప్లేటు వ్యాపారం పెరిగింది.

బండి అప్పగించేటప్పుడు ముందు ఎడమ బంపరు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి ఒకే వీడియో తీయండి, మధ్యలో ఆపొద్దు. గొడవలొచ్చేది తలుపు గీతల మీద కాదు, బంపరు కింది అంచు, చక్రం రిమ్ము, అద్దం వెనక భాగం మీద. అందుకే వంగి తీయాలి. స్టెప్నీ, జాకీ, స్పానర్ చూపించాలి. ఆఖరున ఇగ్నిషన్ వేసి ఓడోమీటరు, పెట్రోలు ముల్లు ఒకే ఫొటోలో రావాలి. వాలు మీద నిలిపితే ముల్లు తప్పు చూపిస్తుంది. చదునైన చోట నిలిపి కాసేపు ఆగి తీయండి. తిరిగి తీసుకునేటప్పుడు ఫాస్టాగ్ లెక్క వెంటనే తేల్చొద్దు. టోలు కోత ఆలస్యంగా పడటం మామూలే. డిపాజిట్‌లో ఆ మేరకు మర్నాటి దాకా ఆపి ఉంచాలి.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు దాటే బండి అయితే పర్మిట్ కాగితం మీద అఖిల భారత పర్మిట్టా, ఒక్క రాష్ట్రానిదేనా అన్నది ఇచ్ఛాపురం దాటకముందే చదవాలి. గిరిసోల దగ్గర ఆపితే కాగితాలు చూపాల్సింది ఆ క్షణంలో స్టీరింగ్ ముందు ఉన్నవాడే. ఓనరు ఫోనులో ఎంత ధైర్యం చెప్పినా ఆర్‌సీ, బీమా, పర్మిట్, కాలుష్య ధ్రువపత్రం మీ దగ్గర కూడా ఉండాలి, సిగ్నల్ లేని చోట తెరుచుకునేలా ఫోనులోనే దాచుకుని.