తీర్థంలో ఏమి అమ్మాలో ఆశీలు నిర్ణయిస్తోంది

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, ఆ వెనకే శివరాత్రికి పట్టిసీమ. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు వచ్చి జనం చేతుల్లో నాలుగు రూపాయలు ఆడే ఈ రోజులే గోదావరి డెల్టాలో చిన్న వ్యాపారికి ఏడాది ఆశ. ఈ తీర్థాలను, అంటే జాతరలను, వరసగా తిరిగినవారికి ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఊరు మారుతుంది, దేవుడు మారతాడు, దుకాణం మాత్రం మారదు. అదే నీలి టార్పాలిన్, దాని కింద అవే లైట్లు వెలిగే బొంగరాలు, అవే ప్లాస్టిక్ తుపాకులు, అవే కీచైన్లు. రాజమహేంద్రవరం సుబ్రహ్మణ్య మైదానంలో ఎగ్జిబిషన్‌కు టికెట్టు కొని లోపలికి వెళ్ళినా ఎదురయ్యేది ఈ సరుకే. కాకపోతే అక్కడ దానికి బల్ల, లైటు, కాస్త ఎక్కువ ధర ఉంటాయి.

తీర్థం వ్యాపారంలో లాభనష్టాలు సరుకు ఎంచుకున్న రోజునే తేలిపోతాయి. గొంతు, బేరం, దుకాణం అలంకారం అన్నీ తరువాతి మాటలు. డెల్టా వ్యాపారి ఆ ఎంపికను హోల్‌సేల్ బజారుకు అప్పగించేసి కూర్చున్నాడు. విజయవాడలోనో హైదరాబాదు బేగంబజారులోనో డజన్ల లెక్కన మూట కట్టించుకుని వస్తాడు. పక్క దుకాణదారూ అలాంటి మూటే దించుకుంటాడు. ఇద్దరి దగ్గరా ఒకే వస్తువు ఉన్నప్పుడు ఇక బేరమంతా ధర మీదే నడుస్తుంది. పోటీపడి ధర తగ్గించుకునేది వీళ్ళిద్దరూ. గోడౌన్ యజమాని తన డబ్బు ముందే లెక్కపెట్టుకున్నాడు.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఆశీలు (దుకాణం పెట్టుకున్న చోటుకు కట్టే రుసుము), ఆటో కిరాయి, టార్పాలిన్ అద్దె, ఇద్దరి భోజనం కలిపి రోజుకు 2,000 రూపాయలు అవుతాయనుకోండి. వస్తువు మీద 20 రూపాయలు మిగిలితే ఖర్చులు రావడానికే 100 వస్తువులు అమ్మాలి. పది గంటలు కూర్చుంటే ఆరు నిమిషాలకు ఒకటి పోవాలన్నమాట. ఆ ఆరు నిమిషాల్లోనే చూపించాలి, బేరమాడాలి, చిల్లర ఇవ్వాలి, వేరేవాళ్ళు ఏదీ ఎత్తుకుపోకుండా కాపలా కాయాలి. అదే 40 రూపాయలు మిగిలే వస్తువైతే పన్నెండు నిమిషాల వెసులుబాటు ఉంటుంది. కాబట్టి పక్కవాడి దగ్గర లేనిది, పోల్చి చూడటానికి వీల్లేనిది, కొన్నవారు ఆ రద్దీలో చేత్తో పట్టుకుని బస్సెక్కగలిగేది కావాలి.

ఇవన్నీ ఉన్న సరుకు తరతరాలుగా మన తీర్థాల్లోనే ఉంది. జీళ్ళు. ముదురు పాకం పట్టిన బెల్లాన్ని నూనె రాసిన పళ్ళెంలో పోసి, ఇంకా చేతులు చురుక్కుమంటూ ఉండగానే ముద్దగా తీసి, గుంజకు కొట్టిన మేకు మీద వేసి లాగుతారు. లాగి, మడిచి, మళ్ళీ మేకుకు తగిలించి లాగుతారు. నల్లటి పాకం గాలి పట్టి మెల్లగా బంగారు రంగుకు తిరుగుతుంది, ఇంకాస్త లాగితే తెల్లబడుతుంది. అప్పుడు సన్నగా సాగదీసి, ముక్కలు కొట్టి, నువ్వులు అద్దుతారు. ఆ లాగుడు చూడటానికి జనం వాళ్ళంతట వాళ్ళే ఆగిపోతారు. పిల్లలు ముందు వరసలో, వాళ్ళ వెనక డబ్బులున్న పెద్దలు! ఇంతకు మించిన ప్రకటన ఏ కంపెనీ తయారు చేయగలదు? పైగా తీర్థానికి వెళ్ళివచ్చినవారు జీళ్ళూ ఖర్జూరమూ తేకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు. వస్తువుకు అలాంటి ఆనవాయితీ తోడైతే అమ్మకం సగం అయిపోయినట్టే. జీళ్ళ దుకాణం ముందు కీచైన్లు పరుచుకుని కూర్చునే వ్యాపారి ఇదంతా రోజంతా చూస్తూ కూడా మరుసటి ఏడాది మళ్ళీ కీచైన్ల మూటే దించుకుంటాడు.

అమ్ముడుపోక మిగిలే సరుకు గురించి ముందే ఆలోచించే వ్యాపారి కూడా తక్కువే. ఆత్రేయపురం వారు నొచ్చుకున్నా సరే, పూతరేకులు తీర్థం సరుకు కావు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఘనమైన మిఠాయే, కాదనను. కానీ ఆ పొర తోపులాటలో నలిగిపోతుంది, తేమ తగిలితే మెత్తబడుతుంది. జాతీయ రహదారి పక్కన కారు ఆపి డబ్బా కొనుక్కునేవారికి అది సరిగ్గా అమరుతుంది. తీర్థానికి కావలసింది ఆ ఊరిదే మామిడి తాండ్ర. సంచి అడుగున పడినా ఏమీ కాదు, ఈ వారం మిగిలినది వచ్చే తీర్థంలో అమ్ముకోవచ్చు. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర చిన్న తయారీదారు రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి 100 రూపాయల ఫీజు; కవరు మీద ఆ రిజిస్ట్రేషన్ నంబరు, తయారుచేసినవారి పేరు, బరువు, తేదీ, ధర, చట్టం అడిగే మిగతా వివరాలు ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. కడియం నర్సరీల మొక్కలు ఇంకా చిత్రమైన సరుకు. అమ్ముడుపోని బొమ్మ వెలిసిపోతుంది, అమ్ముడుపోని మొక్క పెరుగుతుంది. బరువు, నీళ్ళ బాధ ఉన్న మాట నిజమే. అరచేతిలో పట్టే కవర్లలో ఉన్న మొక్కలు తెస్తే ఆ బాధ చాలావరకు తీరుతుంది.

ప్లాస్టిక్ బొమ్మల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలను 2022 జులై 1 నుంచి నిషేధించారు. గుర్తు లేని బొమ్మల మూటతో నేల మీద కూర్చున్న చిన్న వ్యాపారి, లాభం లేకపోగా, తెలియకుండానే చట్టానికి దొరికిపోయే చోట కూర్చున్నాడు. నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఆ బీఐఎస్ ఉత్తర్వులోనే మినహాయింపు ఉంది. పొరుగునే ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి కర్ర బొమ్మలు ఆ దారిలోనే రావచ్చు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత మనకెంత తలకెక్కిందంటే, ఆ పొరుగు కూడా మనకు దూరపు గోడౌనే అయి కూర్చుంది.

నాకు అన్నిటికంటే కడుపు మండేది నరసాపురం లేసు విషయంలో. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్ళకు నేర్పిన ఈ అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ పాకింది. 2024లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి, అక్కడి నుంచి అంతర్వేది. అంటే లేసు అల్లే చేతులు ఒక గట్టున, వేలాది మంది కొనుగోలుదార్లు రెండో గట్టున. మధ్యలో ఒక్క ఏటిపాయ. అయినా అంతర్వేది దుకాణాల వరసలో లేసు కోసం వెతుక్కోవాలి. ఎందుకంటే ఆ పరిశ్రమ మొదటి నుంచీ ఎగుమతి వైపే చూసింది. ఏజెంటు నూలు ఇస్తాడు, డిజైను ఇస్తాడు, ముక్క లెక్కన కూలి ఇస్తాడు. తయారయ్యేవి మంచం దుప్పట్లు, బల్ల గుడ్డలు. వేలు పెట్టి కొనే ఆ వస్తువును రథం చూడటానికి వచ్చిన మనిషి ఎందుకు కొంటాడు?

ఆ దుప్పటి ఎలా తయారవుతుందో దగ్గరగా చూడండి. ఒకామె అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో విడి పువ్వులు అల్లుతుంది. అరచేయంత పువ్వు, నడుమ చిన్న రంధ్రం, చుట్టూ రేకలు. అవి కట్టలుగా ఇంకొకామెకు వెళితే ఆమె అతుకుపని చేసి దుప్పటిగా కలుపుతుంది. ఆ విడి పువ్వే తీర్థం సరుకు! అతుకు పడకముందే అది పూర్తయిన వస్తువు. గ్లాసు కింద వేసుకోవచ్చు, పిల్ల జడకు క్లిప్పుగా పెట్టవచ్చు, పుస్తకంలో గుర్తుగా పెట్టుకోవచ్చు, అయిదారు గుచ్చితే గుమ్మానికి తోరణం. బరువు లేదు, పగలదు, పాడవదు, వంద పువ్వులు ఒక చేతిసంచిలో పడతాయి. అల్లిన మనిషే ఎదురుగా కూర్చుని అల్లుతూ అమ్మితే జీళ్ళ మేకు చుట్టూ మూగినట్టే జనం మూగుతారు. 50 రూపాయలకు ఒక పువ్వు అమ్ముడుపోతే అందులో ఆమెకు దక్కే వాటా, అదే పువ్వు దుప్పటిలో కలిసి సముద్రాలు దాటితే దక్కే కూలి కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ మాట చెప్పడానికి కన్సల్టెంటు నివేదిక అక్కరలేదు, మధ్యలో ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టుకుంటే చాలు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, దానిలో కొంత న్యాయమూ ఉంది. పిల్లవాడు ఏడ్చేది తుపాకీ బొమ్మ కోసమే, లేసు పువ్వు కోసం కాదు. పది రూపాయల వస్తువు తప్ప కొనలేనివారూ తీర్థానికి వస్తారు. కళ్ళముందు అమ్ముడుపోయేది అమ్ముకుంటే వ్యాపారిది తప్పేముంది? తప్పేమీ లేదు, అమ్ముకోనివ్వండి. కానీ నలభై దుకాణాలూ అదే అమ్ముతుంటే జనం అదే కోరుకుంటున్నారని తేల్చడం ఎలా కుదురుతుంది? రెండోది పెట్టి చూసింది ఎవరు? పెట్టి చూడకపోవడానికి కారణం వ్యాపారి బద్ధకమని నేను అనుకోను. అసలు కారణం ఆశీలు.

తీర్థాల్లో, సంతల్లో పంచాయతీయో దేవస్థానమో ఆశీలు వసూలు హక్కును వేలం వేస్తుంది. హెచ్చుపాట పాడినవాడు ఆ సొమ్మంతా రెండు మూడు రోజుల్లో దుకాణాల నుంచే రాబట్టుకోవాలి. అందుకని బోణీ కాకముందే అతని మనిషి వచ్చి చెయ్యి చాపుతాడు. గుడి దారిలో మంచి చోటుకు ఒక రేటు, చెరువు గట్టున మూలకు ఒక రేటు, రసీదు మీద ఒక అంకె, చేతిలో పెట్టేది ఇంకొకటి. పాట పెరిగిన ప్రతి ఏడాదీ ఆ బరువు నేల మీద కూర్చున్నవారి మీదే పడుతుంది. ఈ అద్దె తట్టుకోగలిగేది ఎవరు? పది రూపాయలకు కొన్న ప్లాస్టిక్కును నలభైకి అమ్మగలిగినవాడు. బుట్టలో తాటిబెల్లమో, తేగలో, లేసు పువ్వులో పెట్టుకుని వచ్చిన మహిళ పొద్దున్నే ఆశీలు ఎంతో విని తిరుగు బస్సెక్కుతుంది. అంటే తీర్థంలో ఏమి అమ్మాలో వ్యాపారికి ముందే వేలంపాట ఎంచి పెట్టేస్తోంది. పంచాయతీకి ఆదాయం పెరిగిందని పాట ముగియగానే చప్పట్లు కొడతారు. ఆ పెరిగిన ఆదాయం ఎవరి బుట్టలోనుంచి వచ్చిందో అడిగేవారు ఉండరు.

పట్టణాల్లో వీధి వ్యాపారికి కనీసం కాగితం మీదైనా ఒక రక్షణ ఉంది. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీల్లో నలభై శాతం మంది విక్రేతల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. ఆ చట్టం మున్సిపాలిటీల వంటి పట్టణ సంస్థల కోసం రాసినది. అంతర్వేది, జగ్గన్నతోట, పట్టిసీమ పంచాయతీల నేల మీద ఉన్నాయి. డెల్టాలో అతి పెద్ద బజార్లు జరిగేది పల్లెల్లో, విక్రేతకు మాట ఉన్నది పట్టణాల్లో. డ్వాక్రా సంఘాలకు శిక్షణలు ఇస్తారు, సరస్ మేళాల్లో స్టాళ్ళు ఇస్తారు, సొంత జిల్లా తీర్థంలో ఆరడుగుల నేల మాత్రం పాటదారు దయ.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పన్నెండు రోజులు. రాజమహేంద్రవరం, కొవ్వూరు, కోటిపల్లి, నరసాపురం రేవులన్నిటికీ జనం పోటెత్తుతారు. ఆ రేవుల దుకాణాలకు కూడా హెచ్చుపాటే పాడిస్తే పన్నెండు రోజులూ గోదావరి గట్టున కీచైన్లే చూస్తాం. ప్రతి రేవులో ఒక వరసను వేలం నుంచి తప్పించి, డెల్టాలో తయారైన సరుకుకే కేటాయించాలి. అడుగుకు ఇంత అని రోజువారీ రేటు ముందే ప్రకటించి, ఉదయం కాకుండా సాయంత్రం అమ్మకం అయ్యాక వసూలు చేయాలి. పుష్కరాల దాకా ఆగకుండా ముందు వచ్చే భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ఇరవై దుకాణాలతో పెట్టి చూడవచ్చు, జిల్లా యంత్రాంగం పూనుకుంటే ఇది అయ్యే పనే. ఆ రేటు బోర్డు సఖినేటిపల్లిలో పంటు దిగే చోట, గుడి దారి మొదట్లో పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. బోర్డు మీద లేని రేటు అడిగితే రసీదు ఉన్నా లేకపోయినా ఇవ్వక్కరలేదని ఆ బోర్డు మీదే రాయాలి.