ఆల్-ఇన్-వన్ కంప్యూటర్లపై తిరుగుతున్న సందేశానికి ఒక యజమాని సమాధానం

కొత్త కంప్యూటర్ కొనాలనుకునేవారి మధ్య కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: ఆల్-ఇన్-వన్ (తెరా కంప్యూటరూ ఒకే పెట్టెలో ఉండే రకం) అంటే స్టాండుకు తగిలించిన ల్యాప్‌టాప్ తప్ప మరేమీ కాదు, మూడేళ్ళు తిరక్కుండానే వాడలేనంతగా నెమ్మదిస్తుంది, ఆ సన్నటి పెట్టెలో వేడికి మాడిపోతుంది, లోపల ఏదీ మార్చే వీలుండదు కనుక ఒక్క భాగం చెడితే మొత్తం పారేయాల్సిందే, చివరికి దాని తెర మానిటర్‌గా కూడా అక్కరకు రాదు. ఈ రకం కంప్యూటర్‌ను 2018 నుంచి రోజూ వాడుతున్నవాడిగా, ఇద్దరు ముగ్గురు మిత్రుల యంత్రాలను విప్పి బిగించినవాడిగా, ఈ ఐదు మాటలనూ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను. వీటిలో పచ్చి అబద్ధం తక్కువే. అయితే కొన్ని చౌక మోడళ్ళలో కనిపించిన లోపాన్ని ఆ ఆకృతికే అంటగట్టడం వల్ల, కొనేవారు అసలు అడగవలసిన ప్రశ్న మరుగున పడిపోతోందన్నది నా అభ్యంతరం.

మొదటి మాటలో సగం నిజముంది. విండోస్‌తో వచ్చే చాలా ఆల్-ఇన్-వన్‌లలో ల్యాప్‌టాప్ తరగతి ప్రాసెసరే ఉంటుంది, ర్యామ్ (పని జరిగేటప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) కూడా ల్యాప్‌టాప్‌లలో పెట్టే పొట్టి రకమే, కరెంటు కూడా బయటి అడాప్టర్ నుంచే వస్తుంది. అంతమాత్రాన రెండింటి వాడకం ఒకటైపోదు. ల్యాప్‌టాప్ తెరను కంటి ఎత్తుకు లేపితే కీబోర్డు చేతికి అందదు, కీబోర్డును అందేలా పెట్టుకుంటే మెడ వంచక తప్పదు. రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చునేవారికి ఇది చిన్న తేడా కాదు. ల్యాప్‌టాప్ కీబోర్డు మీద నీళ్ళు ఒలికితే అవి నేరుగా మదర్‌బోర్డు అనే ప్రధాన సర్క్యూట్ పలక మీదికి దిగవచ్చు, ఆల్-ఇన్-వన్ దగ్గర అదే ప్రమాదం జరిగితే కొత్త కీబోర్డు తెచ్చుకుంటే సరిపోతుంది. బ్యాటరీ లేదు కనుక అది ఉబ్బడమూ లేదు. ఆ బ్యాటరీ లేకపోవడమే మరో విధంగా లోపం కూడా: కరెంటు పోయిన క్షణంలోనే తెర ఆరిపోతుంది, యూపీఎస్ లేకుండా దీన్ని వాడమని నేను ఎవరికీ చెప్పను. సందేశం రాసినవారు ఈ లోపాన్ని ప్రస్తావించనే లేదు.

ఇక నెమ్మదించడం గురించి కాస్త విపులంగా చెప్పాలి, ఎందుకంటే యజమానుల ఫిర్యాదుల్లో నేను అన్నిటికంటె ఎక్కువగా విన్నది ఇదే, సందేశంలో అన్నిటికంటె తప్పుగా అర్థం చేసుకున్నదీ ఇదే. నేను కొన్న యంత్రంలో 1 టీబీ హార్డ్ డిస్కు, 4 జీబీ ర్యామ్ ఉండేవి. రెండో సంవత్సరానికే స్విచ్ నొక్కి, లాగిన్ అయ్యి, బ్రౌజర్ తెరుచుకునేసరికి ఆరేడు నిమిషాలు పట్టేది. ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ 10 శాతం దగ్గర తీరిగ్గా కూర్చుని ఉండేది, డిస్కు మాత్రం 100 శాతం దగ్గర ఎర్రబారి ఉండేది. ఆ డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరిగే రకం. అంటే ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం డిస్కును చదివే సూది (హెడ్) కిందికి రావడానికి సగటున అందులో సగం సమయం పడుతుంది, సూది పక్కకు జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. ఇలాంటి డిస్కు చెల్లాచెదురుగా ఉన్న సమాచారం కోసం వచ్చే కోరికలను సెకనుకు వంద కూడా తీర్చలేదు, అదే తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ వేలల్లో తీరుస్తుంది. అప్‌డేట్లు, యాంటీవైరస్ తనిఖీ, ఫైళ్ళ సూచిక తయారీ అన్నీ స్విచ్ వేయగానే ఒక్కసారిగా మీదపడితే ఆ డిస్కు గతి ఏమవుతుందో ఊహించవచ్చు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆ భారాన్ని కూడా డిస్కు మీదికే నెట్టేస్తుంది. పెట్టె మీద 256 జీబీ కంటె 1 టీబీ అన్న అంకె పెద్దదిగా కనబడుతుంది కనుక చౌక మోడళ్ళలో ఇదే బిగిస్తూ వచ్చారన్నది నా అనుమానం. ఇదే డిస్కును టవర్ డెస్క్‌టాప్‌లో పెట్టినా ఇంతే నెమ్మదిగా నడుస్తుంది.

చివరికి ఒక ఆదివారం దాన్ని విప్పాను. బల్ల మీద మందపాటి దుప్పటి పరిచి, తెర కిందికి వచ్చేలా పడుకోబెట్టి, స్టాండు స్క్రూలు తీసి, వెనుక మూత అంచు వెంట పాత ఏటీఎం కార్డును దూర్చి క్లిప్పులను ఒకటొకటిగా వదులు చేశాను. (ఆ క్లిప్పులు ఊడే చప్పుడుకు చెవి అలవాటు పడేదాకా ప్రతిసారీ ఏదో విరిగిందనే అనిపిస్తుంది.) లోపల డిస్కు నాలుగు స్క్రూలతో ఒక చిన్న రేకు చట్రంలో ఉంది, దాని పక్కనే ర్యామ్ కోసం రెండో స్లాటు ఖాళీగా ఉంది. ముందురోజు రాత్రే యూఎస్‌బీ కేబుల్ ద్వారా పాత డిస్కును కొత్త ఎస్‌ఎస్‌డీలోకి మక్కికి మక్కి కాపీ చేసి పెట్టుకున్నాను కనుక, దాన్ని బిగించి, ఖాళీ స్లాటులో మరో 4 జీబీ ర్యామ్ పెట్టి మూత వేయడానికి గంట పట్టలేదు. ఆరేడు నిమిషాల నిరీక్షణ అర నిమిషానికి దిగింది. అదే ప్రాసెసర్‌తో, అదే సన్నటి పెట్టెలో అది మరో ఐదేళ్ళకు పైగా పనిచేసింది. మూడేళ్ళ గడువు ఆల్-ఇన్-వన్‌ది కాదు, అందులో పెట్టిన డిస్కుది.

వేడి విషయంలో సందేశం వాడిన ‘మాడిపోతుంది’ అన్న మాట అతిశయోక్తి. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది అయితే, ఈ పెట్టెల్లో ఎక్కువగా ఉండేది 15 వాట్ల తరగతిది; హద్దు మీరి వేడెక్కితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. నాలుగేళ్ళకు నా దాంట్లో ఫ్యాను రొద మొదలైనప్పుడు విప్పి చూస్తే, ఫ్యానుకూ రాగి పలకలకూ మధ్య దుమ్ము ఉన్ని గుడ్డలా పేరుకుని ఉంది. దాన్ని బ్రష్షుతో తీసేసి ప్రాసెసర్ వేడిని రాగి పలకలకు చేరవేసే థర్మల్ పేస్టు మార్చాక రొద ఆగింది. అయితే గంటల తరబడి వీడియోలు ఎడిట్ చేసేవారికీ, భారీ ఆటలు ఆడేవారికీ ఈ పెట్టె తగదన్నది నిజమే.

నాలుగో మాట, ‘ఒక్క భాగం చెడితే మొత్తం పారేయాలి’. వారంటీ ముగిసిన కొన్నాళ్ళకు నా యంత్రం ఒకరోజు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. తీసుకువెళ్ళిన చోట మదర్‌బోర్డు పోయిందనీ, బాగు చేయించడం కంటె కొత్తది కొనడం మేలనీ తేల్చేశారు. ఇంటికి వచ్చి అడాప్టర్ పిన్ను దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తే 19 వోల్టులు ఉండవలసిన చోట అంకె 11 దగ్గర ఊగిసలాడుతోంది. అదే వోల్టేజీ, అంతే సామర్థ్యం ఉన్న మరో అడాప్టర్ తగిలించగానే యంత్రం లేచింది. ఇలాంటి తీర్పులు విన్న యజమానుల నోటి నుంచే ఈ సందేశం పుట్టి ఉంటుందని నాకనిపిస్తుంది.

మరమ్మతుకు వీలుండడం, ఉండకపోవడం ఆకృతి నిర్ణయించేది కాదనడానికి ఆపిల్ ఐమ్యాక్ చరిత్రే సాక్ష్యం. 2004లో వచ్చిన మొదటి ఐమ్యాక్ జీ5లో కింది అంచున మూడు స్క్రూలు వదులు చేస్తే వెనుక మూత మొత్తం ఊడి వచ్చేది, డిస్కునూ ర్యామ్‌నూ యజమానే మార్చుకునేలా దాన్ని రూపొందించారు. 2012 నాటికి అదే పేరుగల యంత్రం సన్నబడి, తెరను జిగురు పట్టీలతో అతికించే స్థితికి వచ్చింది. ఆ తరంలోనూ 27 అంగుళాల మోడల్‌కు వెనుక ర్యామ్ మార్చుకునే చిన్న తలుపు ఉండేది, 21.5 అంగుళాల మోడల్‌కు అది లేదు. 2021లో 11.5 మి.మీ. మందంతో వచ్చిన 24 అంగుళాల ఐమ్యాక్‌లో ర్యామ్ ప్రాసెసర్‌తో కలిసే ఉంటుంది కనుక కొన్నాక మార్చడమన్న ప్రశ్నే లేదు. తెరా కంప్యూటరూ ఒకే పెట్టెలో ఉన్న ఈ యంత్రాలన్నిటిలో ఒకటి మూడు స్క్రూలతో తెరుచుకుంది, ఇంకొకటి జిగురుతో మూసుకుపోయింది. తేడా తయారీదారు నిర్ణయంలో ఉంది. ఒక్కచోట మాత్రం సందేశానిదే పైచేయి: తెర పగిలితే ఖర్చు దాదాపు కొత్త యంత్రం దరిదాపులకు చేరవచ్చు, మరమ్మతు జరిగేదాకా కంప్యూటర్ కూడా వాడుకకు దూరమవుతుంది. మానిటర్ విడిగా ఉన్నవారికి ఈ బాధ లేదు.

చివరి మాట తెర గురించి. 2009 చివర్లో వచ్చిన 27 అంగుళాల ఐమ్యాక్‌ను వేరే కంప్యూటర్‌కు మానిటర్‌గా వాడుకునే సౌకర్యం ఉండేది. 2014లో 5120×2880 తెరతో వచ్చిన మోడల్‌లో, అన్నేసి చుక్కలను (పిక్సెళ్ళను) మోయగల ఒంటి కేబుల్ అప్పటికి లేకపోవడంతో, అది పోయింది. విండోస్ యంత్రాల్లో కొన్నిటికి బయటి బొమ్మను తెర మీదికి తీసుకునే హెచ్‌డీఎంఐ ‘ఇన్’ ఉంటుంది, చాలావాటికి బొమ్మను బయటికి పంపే ‘అవుట్’ మాత్రమే ఉంటుంది. నా మిత్రుడొకరు తన ల్యాప్‌టాప్ నుంచి తెచ్చిన కేబుల్‌ను ‘అవుట్’లో గుచ్చి, బొమ్మ రావడం లేదని ఒక సాయంత్రమంతా కేబుళ్ళు మార్చి చూశారు. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, పక్కన ముద్రించిన చిన్న అక్షరాలు చదవవలసిందే.

సందేశం చెప్పకుండా వదిలేసిన అసలు బలహీనత ఇక్కడే ఉంది. తెర పదేళ్ళయినా చక్కగా ఉంటుంది, వెనుకనున్న కంప్యూటర్ దానికి చాలా ముందే కాలం చెల్లినదవుతుంది, ఈ రెండింటినీ విడదీసే దారి కొన్న రోజునే ఖరారైపోతుంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను, ఇంటెల్ ప్రాసెసర్ల విషయంలో దాదాపుగా ఎనిమిదో తరాన్నో ఆ తర్వాతి తరాన్నో కోరుతుంది. నాది ఏడో తరం. టవర్ ఉన్నవారు పెట్టెను మార్చి మానిటర్‌ను ఉంచుకుంటారు. నాకు ఆ అవకాశం ఉండాలంటే హెచ్‌డీఎంఐ ‘ఇన్’ ఉన్న మోడల్ కొని ఉండవలసింది, ఆ సంగతి 2018లో నేనూ అడగలేదు, అమ్మినవారూ చెప్పలేదు.

ప్రస్తుతం అందులో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది, రాతకోతలకూ బ్రౌజింగుకూ ఏ లోటూ లేదు. తెర మీద ఒక్క చుక్క కూడా చావలేదు. ప్యానెల్ వెనుక అతికించిన కాగితం మీది మోడల్ సంఖ్యను రాసిపెట్టుకున్నాను. ఆ సంఖ్యకు సరిపోయే కంట్రోలర్ బోర్డు (హెచ్‌డీఎంఐ నుంచి వచ్చే బొమ్మను ప్యానెల్‌కు అందించే చిన్న పలక) దొరికితే, మదర్‌బోర్డు ఆగిపోయిన రోజున ఆ తెరను హెచ్‌డీఎంఐ మానిటర్‌గా మార్చుకుంటాను.