ఇంట్లో పెద్దవాళ్ళున్నారా? ముందు ఆ లిస్టు రాసుకుందాం

హరికేన్ వస్తోందనగానే మనవాళ్ళు చేసే మొదటి పని కాస్ట్‌కో అనే పెద్ద దుకాణానికి పరుగెత్తడం. నీళ్ళ కేసులు, బ్రెడ్డు, బ్యాటరీలు, పనిలో పనిగా ఒక బస్తా సోనామసూరి. కొనుక్కోవద్దని నేననను. కానీ 2024 జులైలో బెరిల్ తుఫాను వెళ్ళిపోయాక టెక్సస్‌లోని మన హ్యూస్టన్‌లో కరువొచ్చింది నీళ్ళకీ కాదు, బియ్యానికీ కాదు, చల్లటి గాలికి. ఆ చల్లటి గాలి అందక ఎక్కువ అవస్థ పడింది మన ఇళ్ళల్లోని పెద్దవాళ్ళు. మళ్ళీ తుఫానుల సీజన్ వచ్చేలోపు మన తెలుగు సంఘం చేయాల్సిన పని ఇక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం.

బెరిల్ పెద్ద తుఫానేం కాదు, కేటగిరీ 1, అంటే హరికేన్లలో అన్నిటికన్నా కింది మెట్టు. జులై 8 సోమవారం తెల్లవారకముందే మాటగోర్డా దగ్గర తీరం దాటింది, మధ్యాహ్నానికల్లా మనల్ని దాటి పోయింది. "ఓస్, ఇంతేనా" అనుకునేలోపే ఇక్కడి కరెంటు తీగల కంపెనీ సెంటర్‌పాయింట్ పరిధిలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు లేదని తెలిసింది. అంతకు రెండు నెలల ముందే, మే 16న, డెరెచో అనే ఉరుముల వాన పెనుగాలులు ఒకసారి ఊరిని కుదిపేసి వెళ్ళాయి. అప్పుడు వదులైన చెట్లూ కొమ్మలూ ఈసారి తీగల మీద పడ్డాయి. కొందరికి రెండు రోజుల్లో కరెంటొచ్చింది, కొందరికి వారం దాటింది. బయట ఉక్కపోతతో కలిపి వంద ఫారెన్‌హీట్ దాటిన వేడి. కరెంటు ఎక్కడుందో చూపించే మ్యాపు కూడా సరిగ్గా అప్పుడే పనిచేయకపోవడంతో, ఏ వాటాబర్గర్ (ఇక్కడి బర్గర్ల హోటల్) తెరిచి ఉందో వాళ్ళ యాప్‌లో చూసి ఏ ఏరియాకి కరెంటొచ్చిందో జనం లెక్కకట్టుకున్నారు. తర్వాత నవ్వుకున్నాం గానీ ఆ రోజుల్లో నవ్వు రాలేదు.

ఇక్కడ మనవాళ్ళందరి నోటా ఒక మాట వింటుంటాను. "మా ఊళ్ళో రోజుకి ఎన్నేసి గంటలు కరెంటు కోతలు చూడలేదు, ఇదో లెక్కా" అని. అమ్మానాన్నలు మరీ ఎక్కువగా అంటారు. హుద్‌హుద్ చూసినవాళ్ళకి, 2014 అక్టోబర్‌లో విశాఖ రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా ఎలా ఉందో గుర్తున్నవాళ్ళకి, ఆ ధైర్యం రావడం సహజమే. కానీ ఇల్లు వేరు కదండీ. అక్కడ వరండా ఉంటుంది, ఎదురెదురు కిటికీలుంటాయి, తప్పదనుకుంటే డాబా మీద చాప పరుచుకోవచ్చు, పక్కింటి పిన్నిగారు మజ్జిగ పట్టుకొస్తారు. ఇక్కడి ఇళ్ళు ఏసీ ఉంటుందన్న నమ్మకంతోనే కట్టినవి. కిటికీలు సగం తెరుచుకోవు, మేడ మీద గది మూతపెట్టిన కుక్కర్‌లా ఉంటుంది. చక్కెర జబ్బు, బీపీ ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషి రెండు రాత్రులు అందులో పడుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బెరిల్ అప్పుడు టెక్సస్‌లో పోయిన ప్రాణాలన్నీ గాలికీ, కూలిన చెట్లకీ పోయినవి కావు. కరెంటు లేని ఇళ్ళల్లో వేడికి తట్టుకోలేక పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు.

మా వీధి చివర ఒక ఇంట్లో ఆ వారం అలాంటి పెద్ద దంపతులే ఉన్నారు. కొడుకూ కోడలూ ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉండగా తుఫాను ముంచుకొచ్చింది, ఫ్లైట్లు కాన్సిలయ్యాయి. మూడో రోజు తలుపు కొడితే పెద్దావిడ తీశారు. వంటింటి గట్టు మీద ఒక స్టీలు గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో గ్లాసు, గ్లాసులో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఇన్సులిన్ పెన్ను. ఊళ్ళో ఫ్రిజ్ లేని రోజుల్లో ఎవరో చేస్తుంటే చూశారట. పక్కనే దోసెల పిండి పొంగి గిన్నె అంచు దాటి గట్టంతా పారింది. పెద్దాయన లోపల ఉండలేక గరాజ్‌లో కుర్చీ వేసుకున్నారు గానీ గరాజ్ తలుపు మూసే ఉంది. కరెంటు లేకపోతే పైన వేలాడే ఎర్ర తాడు లాగి తలుపు చేత్తో ఎత్తొచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు. స్టవ్ గ్యాసుదే, అయినా కరెంటు లేకపోతే వెలగదనుకుని అన్నాళ్ళూ అటుకులూ పెరుగుతో గడిపారు. అగ్గిపుల్లతో వెలిగించి చూపిస్తే ఆవిడ "అయ్యో, ఇంతేనా బాబూ" అన్నారు. మరి మాకెవరికీ ఫోన్ చేయలేదేమండీ అంటే, "మీకందరికీ మీ ఇబ్బందులు మీకున్నాయి, మావాడికి చెబితే వాడికి టెన్షన్, ఎందుకులే అనుకున్నాం" అని సమాధానం.

ఈ "ఎందుకులే" అన్నదే నన్ను భయపెడుతుంది. పెద్దవాళ్ళు అడగరు. కాబట్టి మనమే వెళ్ళి అడగాలి, అడగాలంటే ఎవరింట్లో ఎవరున్నారో ముందే తెలియాలి. పిల్లలకి సెలవులనీ, పురుళ్ళనీ మన అమ్మానాన్నలు ఎక్కువగా వచ్చేది వేసవిలోనే. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. వాళ్ళకి డ్రైవింగ్ రాదు, ఇక్కడి నంబరు ఉన్న ఫోన్ ఒక్కోసారి ఉండదు, హ్యూస్టన్ శివార్లలో కేటీలో ఉన్నా పేర్‌ల్యాండ్‌లో ఉన్నా వాళ్ళకి తెలిసిన ఊరు ఆ ఇల్లు ఒక్కటే.

బెరిల్ తర్వాత మన సంఘం ఏమీ చేయలేదని నేను అనడం లేదు. పులిహోర ప్యాకెట్లు పంచాం, కరెంటొచ్చిన ఇళ్ళవాళ్ళు తలుపులు తీసి పెట్టారు, కుర్రాళ్ళు రంపాలు పట్టుకుని ఎవరెవరి వాకిట్లోనో కొమ్మలు కోశారు. ఫొటోలు కూడా దిగాం, సరే. కానీ అదంతా వాట్సాప్‌లో అడిగినవాళ్ళకి జరిగిన సాయం. టవర్లు దెబ్బతిని ఫోన్లు సరిగ్గా పలకని ఆ మొదటి రెండు రోజులూ వాట్సాప్ ఉన్నా లేనట్టే. ప్రతి సబ్‌డివిజన్‌కి, అంటే ఇళ్ళ కాలనీకి, ఇద్దరు మనుషులు, వాళ్ళ చేతిలో కాగితం మీద రాసిన లిస్టు ఉండాలి. ఏ ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, ఎవరికి ఇన్సులిన్, ఎవరికి నిద్రలో ఊపిరి అందడానికి పెట్టుకునే సీప్యాప్ మెషీన్, ఎవరింట్లో పసిపిల్ల. తుఫాను దాటిన సాయంత్రమే నడిచి వెళ్ళి తలుపు కొట్టగలగాలి.

ఇలా అంటే ఒకాయన నాతో, "అందరూ జనరేటర్లు కొనుక్కుంటే గొడవే ఉండదు కదండీ" అన్నారు. కొనగలిగినవాళ్ళు కొనుక్కోండి. అపార్టుమెంటులో ఉండేవాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు? కొన్నవాళ్ళకి కూడా ఒకటే మాట, దాన్ని గరాజ్‌లో పెట్టకండి, తలుపు తీసి ఉన్నా సరే. ఇంటికి ఇరవై అడుగుల దూరం, పొగ కిటికీల వైపు రాకుండా. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, బెరిల్ తర్వాత దానివల్ల కూడా మనుషులు పోయారు. ఇంకొందరు మహానుభావులు రెండు వైపులా పిన్నులున్న వైరుతో జనరేటర్‌ని గోడ ప్లగ్గుకే కలిపేస్తారు. ఆ కరెంటు వెనక్కి తీగల్లోకి పోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో విషయం, చాలామంది బిల్లు కట్టే కంపెనీకి ఫోన్ చేసి గంటలు గంటలు లైన్లో ఉన్నారు. హ్యూస్టన్‌లో మనం ప్లాన్ కొనేది ఒకరి దగ్గర, తీగలూ స్తంభాలూ ఇంకొకరివి. చెప్పాల్సింది తీగల కంపెనీకి. "ఎదురు వరసకి వచ్చింది, మాకెందుకు రాలేదు" అని కోపం కూడా వస్తుంది, నాకూ వచ్చింది. ముందు సబ్‌స్టేషన్లు, పెద్ద లైన్లు, ఆస్పత్రులు, ఆ తర్వాత ఒక్క మరమ్మతుతో ఎక్కువ ఇళ్ళకి వెలుగొచ్చే చోట్లు, చివరికి నాలుగైదు ఇళ్ళ ముక్కలు. ఎదురింటికీ మనకీ ట్రాన్స్‌ఫార్మరో ఫీడరో వేరై ఉంటుంది, అంతే. అలాగని ఏళ్ళ తరబడి చెట్ల కొమ్మలు కొట్టకుండా వదిలేసిన సంగతిని ఊరుకోమని కాదు. కరెంటు కంపెనీల మీద అజమాయిషీ చేసే రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్‌కి మనలో ఎవరైనా తన అనుభవం రాసి పంపొచ్చు. మనం ఫేస్‌బుక్‌లో తిట్టి ఊరుకుంటాం.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనలో చాలామంది అడగడమే మానేస్తారు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి వాళ్ళ పేరున ఫీమా (కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) నగదు సాయం రాదు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలుంటే, ఆ పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబరుతో తల్లిదండ్రులు అప్లై చేయొచ్చు. అద్దెకుండేవాళ్ళూ చేయొచ్చు. గడువు దాటకూడదు. ఇక ఇల్లున్నవాళ్ళు బీమా పాలసీ తీసి గాలివాన డిడక్టిబుల్, అంటే ముందు మనం భరించాల్సిన వాటా, ఎంతో ఈ రాత్రే చూసుకోండి. చాలా పాలసీల్లో అది ఇంటికి చేయించిన బీమా మొత్తంలో శాతం. నాలుగు లక్షల డాలర్లకి బీమా చేయించిన ఇంటికి 2 శాతమంటే 8 వేలు మన జేబులోంచే పోతాయి, కంచె పడిపోయిందని క్లెయిమ్ వేసి లాభం లేదు. ఫ్రిజ్‌లో పాడైన సామానుకి కొన్ని పాలసీల్లో విడిగా కొంత ఇస్తారు, అందుకని పారేసేముందు ఫొటో తీయండి. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చల్లగా ఉంటుంది. ఆవకాయకి ఏ ఢోకా లేదు.

వైద్య అవసరాలున్నవాళ్ళు 2-1-1 అనే సహాయ నంబరుకి ఫోన్ చేసి స్టియర్ అనే రాష్ట్ర జాబితాలో పేరు రాయించుకోవచ్చు, ఏటేటా మళ్ళీ రాయించాలి. దాంట్లో పేరుంటే ఎవరో తప్పక వస్తారని గ్యారంటీ లేదు. అందుకే మన లిస్టు మనకుండాలంటున్నాను. కార్యవర్గానికి నా కోరిక చిన్నదే. ఉగాది వేడుకలకి రిజిస్ట్రేషన్ ఫారం ఎలాగూ పెడతారు, అందులో వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగే గడి పక్కన ఇంకో గడి పెట్టండి: ఈ వేసవిలో ఇంటికి పెద్దవాళ్ళు వస్తున్నారా, వస్తే ఎప్పటినుంచి ఎప్పటిదాకా. మా సబ్‌డివిజన్ లిస్టు పట్టుకు తిరిగే ఇద్దరిలో ఒకరిగా నా పేరు రాసుకోండి, రెండో మనిషి కావాలి.