బీరువా తాళాలు తీయండి

ఏప్రిల్ నాలుగో వారంలో మూతపడిన బడులు మళ్లీ తెరిచేది జూన్ 12న. ఆ ఏడు వారాలూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎండలు నిప్పులు చెరుగుతాయి. అమ్మానాన్నలు పొద్దు పొడవకముందే ఉపాధి పనికో, చీమకుర్తి క్వారీలకో, రొయ్యల గుంటలకో వెళ్లిపోతే పిల్లలు సెల్‌ఫోనుతో ఇంట్లో మిగులుతారు. అలాంటి పిల్లలకు శాఖా గ్రంథాలయాల్లో నడిచే వేసవి శిబిరాలు నీడపట్టు. వాటిని మనసారా స్వాగతిస్తూనే ఒక్క సంగతి గట్టిగా అడుగుతున్నాం. శిబిరానికి వచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాలి. క్యారమ్స్, బొమ్మలు గీయడం, స్పోకెన్ ఇంగ్లిష్ అన్నీ మంచివే, కానీ అవి దీని తర్వాత.

చాలాచోట్ల జరుగుతున్నది వేరు. పిల్లల పుస్తకాలను ఉదయం బీరువాలోంచి తీస్తారు, శిబిరం అయ్యాక లెక్కపెట్టి మళ్లీ తాళం వేస్తారు. ఇందుకు గ్రంథాలయాధికారిని తప్పుపట్టలేం. రిజిస్టర్‌కెక్కిన ప్రతి పుస్తకానికీ జవాబు చెప్పుకోవాల్సింది వారే. ఆడిట్‌లో లోటు తేలితే ఖరీదు తమ జీతంలోంచి పోతుందేమోనన్న భయం వారిది. ఆ భయం సలహాలతో పోదు, కాగితంతోనే పోతుంది. పిల్లల విభాగంలో నూటికి అయిదు పుస్తకాల దాకా పోయినా, చిరిగినా సిబ్బంది నుంచి వసూలు ఉండదని జిల్లా గ్రంథాలయ సంస్థలు శిబిరాలు మొదలయ్యేలోపే రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ తన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొట్టమొదట చెప్పారు. దేశంలో గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్లకు ఆ సూత్రం తెలియనిది కాదు. దాన్ని అమలు చేసే ధైర్యం కింది ఉద్యోగికి పైవాళ్లే ఇవ్వాలి.

ఇంటికివ్వడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. శిబిరం పిల్లలను సభ్యత్వ డిపాజిట్ అడగకుండా ఉంటే చాలు. ఒక లాంగ్‌ నోటుబుక్‌లో పిల్లల పేరు, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ నంబరు, పుస్తకం నంబరు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ రాసుకోవాలి. ఒకసారికి ఒక్క పుస్తకం, గడువు మూడు రోజులు. జరిమానా పెట్టవద్దు. రూపాయి జరిమానాకు జడిసిన పిల్ల పుస్తకం తేవడమే కాదు, తను రావడం కూడా మానేస్తుంది.

వేళ విషయంలో పొరపాటు జరిగితే మిగతాదంతా వృథా. ఉదయం ఏడున్నర నుంచి పది వరకే సరైన సమయం. పదిన్నరకు రోడ్డెక్కిన చిన్న పిల్లలు ఇల్లు చేరేసరికి సొమ్మసిల్లుతారు, మర్నాడు తల్లి పంపదు. కొత్తపట్నం, తుమ్మలపెంట లాంటి తీర గ్రామాలకు సాయంత్రం నయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, తండ్రులు ఇంటిపట్టునే ఉంటారు. వారానికో సాయంత్రం వాళ్లను పిలిచి కూర్చోబెట్టి, పిల్లల చేత చదివించి వినిపించవచ్చు. చోటు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. హాల్లో దినపత్రికలు చూసే పెద్దలకు, పోటీ పరీక్షలకు చదువుకునే యువతకు నిశ్శబ్దం కావాలి, పిల్లలకేమో గొంతెత్తి చదువుకునే వీలు కావాలి. ఇద్దరినీ ఒకే గదిలో పెడితే నష్టపోయేది పిల్లలే. వరండాలో చాపలు పరిచి, ఒక మంచినీళ్ల కుండ పెడితే సరిపోతుంది. చంకలో తమ్ముణ్ణో చెల్లెల్నో వేసుకొచ్చే ఆడపిల్లను వెనక్కి పంపవద్దు. ఆ చంటివాణ్ణి కూడా రానిస్తేనే ఆ పిల్ల రేపు మళ్లీ వస్తుంది.

ఇక పుస్తకాలు. ఇరవై అయిదుగురు పిల్లలకు తక్కువలో తక్కువ 150 ఉండాలి. ఏ రోజు చూసినా పాతిక దాకా ఇళ్లలో ఉంటాయి. మిగిలినవాటిలో ఒక్కో స్థాయికి నలభై దాకా కనిపిస్తేనే ఎంచుకోవడమనేది ఉంటుంది. అరలో వీపులు మాత్రమే కనబడేలా నిలబెట్టిన పుస్తకాన్ని పిల్లలు తాకరు. అట్ట మీది బొమ్మ కనిపించాలి. కిటికీ ఊచల మధ్య పిల్లల ఛాతీ ఎత్తులో నైలాన్ తాడు కట్టి, పలచటి పుస్తకాలను బట్టల క్లిప్పులతో తగిలిస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. రెండు వారాలకోసారి పక్క ఊరి శాఖతో అరవై పుస్తకాల పెట్టె మార్చుకోవాలి. లేకుంటే చూసినవే చూసి పిల్లలకు విసుగొస్తుంది.

పిల్లలను తరగతుల వారీగా విడదీయడం మేము చూస్తున్న పెద్ద తప్పు. అయిదో తరగతి పిల్లాడు రెండో తరగతి వాచకం దగ్గరే తడబడవచ్చు, మూడో తరగతి పిల్ల పెద్ద కథ గుక్క తిప్పుకోకుండా చదవవచ్చు. ఎవరికి ఏది సరిపోతుందో తెలుసుకోవడానికి చేతి వేళ్లు చాలు. ఒక పేజీ చదవమని, ఆగిపోయిన ప్రతి మాటకూ ఒక వేలు మడవమనాలి. పేజీ పూర్తికాకుండానే అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం కొన్నాళ్లు ఆగవచ్చు. మన పిల్లల్లో ఎక్కువమంది గుణింతాల దగ్గర కాదు, వత్తుల దగ్గర ఆగుతారు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒక అక్షరం కింద రెండు వత్తులు చేరగానే కన్ను తికమకపడుతుంది. అందుకే మొదటి వారం పేజీకి రెండు మూడు వాక్యాలు, లావుపాటి అక్షరాలు, తక్కువ వత్తులు ఉన్నవే ముందుంచాలి. అట్ట మూలన రంగు కాగితం అంటించి స్థాయి గుర్తు పెట్టుకోవచ్చు. అయితే ఆ రంగు పుస్తకానిదే కావాలి. ‘నువ్వు ఎర్ర రంగు పిల్లాడివి’ అని ఒక్కసారి అన్నా వాడు మళ్లీ రాడు. అసలే చదవలేని పిల్లలను బాగా చదివే పెద్ద పిల్లలతో జతచేయాలి. పెద్దపిల్ల వేలు కదుపుతూ ఒక వాక్యం చదివితే చిన్నది వెంటే చదువుతుంది. ఒకే పుస్తకం మూడుసార్లు అడిగితే సంతోషంగా ఇవ్వాలి. తడుముకోకుండా చదవడం అలాగే అబ్బుతుంది.

నేషనల్ బుక్ ట్రస్ట్, ‘మంచి పుస్తకం’ సంస్థ ప్రచురించే పిల్లల పుస్తకాలు చవకగా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా విడదీసి ఉన్నాయి, ఉచితంగా దించుకొని ముద్రించుకోవచ్చు.

రోజూ మొదటి పావుగంట పెద్దవాళ్లు చదివి వినిపించాలి. ముందురోజే ఆ కథను ఒకసారి పైకి చదువుకొని రావాలి. తడుముకుంటూ చదివితే రెండో పేజీకే పిల్లల చూపు రోడ్డు మీదికి పోతుంది. వెలుతురు పుస్తకం మీద పడేలా కూర్చొని, బొమ్మలు అందరికీ కనిపించేలా పట్టుకోవాలి. మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకూడదు. కథయ్యాక పిల్లలు తమ మాటల్లో, తమ ఊరి యాసలో ఏం చెప్పినా దిద్దకూడదు. ఆ తర్వాత నలభై నిమిషాలు ఎవరి పుస్తకం వారిది. ఆ సేపు శిబిరం నడిపేవారు కూడా ఫోను పక్కనబెట్టి ఏదో ఒకటి చదువుతూ కనిపించాలి.

మొదటి మూడు రోజులు కిటకిటలాడిన శిబిరం రెండో వారానికి సగానికి పడిపోతుందని నడిపేవారందరికీ తెలుసు. నెపం ఎండ మీద వేయడం తేలిక. చదివిన ప్రతి పుస్తకానికీ సారాంశం రాయమనడం, నీతి ఏమిటని అడగడం, క్విజ్ పెట్టడం వల్ల సెలవుల్లో కూడా బడే ఎదురైందని పిల్లలు జారుకుంటారు. ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతి అంటే పేజీలు తిప్పే పందెం మొదలవుతుంది, నెమ్మదిగా చదివే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేసే హక్కు పెద్దలకున్నట్టే పిల్లలకూ ఉండాలి. రాయించాలనే కోరిక ఉంటే వాళ్ల పుస్తకం వాళ్లే చేసుకోనివ్వండి. నాలుగు ఏ4 కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి సగానికి మడిస్తే 16 పేజీలు వస్తాయి. మడత మీద మూడు రంధ్రాలు చేసి దారంతో కుట్టి, నాయనమ్మ చెప్పిన కథ రాసి బొమ్మలు వేస్తే అది కూడా తాడు మీదికే ఎక్కాలి.

పుస్తకాలు చిరుగుతాయి. సెలోటేపు మాత్రం వేయవద్దు. ఏడాది తిరక్కుండా పసుపుబారి, జిగురు కారి పక్క పేజీని కూడా అంటుకుంటుంది. పలచటి తెల్ల కాగితం సన్నగా కత్తిరించి మైదా జిగురుతో అంటించి, మీద బరువు పెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. పురుగు పట్టకుండా బైండర్లు జిగురులో కలిపే మైలుతుత్తం విషం. పిల్లలు ముట్టుకునే జిగురులో అది ఉండకూడదు.

డబ్బు లేదనే మాట అంగీకరించలేం. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా ప్రజలు కడుతూనే ఉన్నారు. పుస్తకం సగటున 60 రూపాయలనుకుంటే 150 పుస్తకాలకయ్యేది 9,000. లక్ష రూపాయల ఇంటిపన్ను వచ్చే పంచాయతీ నుంచి అందాల్సిన సెస్సే 8,000. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని బకాయి పెట్టుకోవడం వల్లనే కొత్త పుస్తకాలు రావడం లేదు. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న వేటపాలెంలో, ఏ సెస్సూ లేని 1918లోనే ఊరివాళ్లు సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని నిలబెట్టుకున్నారు. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పన్ను కట్టే నేటి ప్రజలకు అంతకు తక్కువ దక్కడం అన్యాయం. నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలు మొదలుకొని ప్రతి పంచాయతీ ఏటా మార్చి 31లోగా సెస్సు జమ చేయాలి. అందులో పిల్లల పుస్తకాల వాటా ఎంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖల వారీగా ప్రకటించాలి.

గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటాయి. బడికి సెలవైన రోజు గ్రంథాలయం పనిచేయడం పిల్లలకు కలిసొచ్చే సంగతి. జూన్ 12 తర్వాత కూడా ప్రతి ఆదివారం ఉదయం రెండు గంటలు అదే వరండా, అదే నోటుబుక్ కొనసాగించాలి. గడువును మూడు రోజుల నుంచి వారానికి పెంచితే సరిపోతుంది.