రేకుల మీద ఎండ, మీటరులో లెక్క

గోదావరి డెల్టాలో ఎకరం భూమి అంటే మాటలు కాదు. అది దాళ్వాలో, అంటే రబీ వరిలో, నలభై బస్తాలకు తగ్గని చేనో, రొయ్యల చెరువో, కోనసీమ వైపు అయితే కొబ్బరితోటో అయి ఉంటుంది. ఒక మెగావాటు సోలార్ పలకలను నేల మీద పరవాలంటే నాలుగైదు ఎకరాలు కావాలి. అనంతపురం మెట్టలో చెల్లే ఆ లెక్క ఇక్కడ చెల్లదు. కానీ తాడేపల్లిగూడెం, తణుకు, మండపేటల్లోని రైసుమిల్లుల గోదాములు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీల రేకుల కప్పులు ఏడాది పొడవునా ఊరికే కాగుతున్నాయి. ఫ్యాక్టరీ వాడే కరెంటులో కొంతైనా దాని కప్పు మీదే తయారు కావడం డెల్టాకు అన్ని విధాలా తగిన దారి అని మా అభిప్రాయం. మా పేచీ అంతా ఆ పలకలను అమ్ముతున్న తీరుతోనూ, కొంటున్న తీరుతోనూ.

ఏజెంటు వస్తాడు, పోయిన నెల బిల్లు అడుగుతాడు, ఫోనులో నాలుగు అంకెలు నొక్కి “అయిదేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుందండీ, ఆపైన ఇరవై ఏళ్లు కరెంటు ఊరికే” అంటాడు. అది బొత్తిగా అబద్ధమూ కాదు. కిలోవాటుకు నీడ పడని జాగా సుమారు వంద చదరపు అడుగులు కావాలి. మన ఎండకు అది రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఇరవై వేల చదరపు అడుగుల గోదాము కప్పు మీద 200 కిలోవాట్లు పెడితే ఏడాదికి రెండున్నర లక్షల యూనిట్ల పైమాటే. యూనిట్‌కు ఆరు రూపాయలకు పైగా కడుతూ, దాని మీద సర్దుబాటు చార్జీలూ మోస్తున్న పరిశ్రమకు ఇది చిన్న సొమ్ము కాదు. 2025 సెప్టెంబరులో పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల చూపుకునే వీలూ ఉంది. కప్పు మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ మాత్రం ఇళ్లకే, ఫ్యాక్టరీకి రాదు. వస్తుందని చెప్పిన ఏజెంటును గుమ్మం దగ్గరే సాగనంపవచ్చు.

ఆ ఫోను లెక్కలోకి రానిది మిల్లు గడియారం. సార్వా, అంటే ఖరీఫ్, ధాన్యం నవంబరు, డిసెంబరుల్లో దిగుతుంది, దాళ్వా పంట ఏప్రిల్ నుంచి. మిల్లు ఆడినన్నాళ్లూ రాత్రీ పగలూ ఆడుతుంది, ఆగితే వాచ్‌మన్ గదిలో లైటు తప్ప మరేమీ వెలగదు. సూర్యుడికి ఈ సీజన్లు పట్టవు. దాళ్వా ధాన్యం మరపట్టే రోజులూ ఎండలు మండే రోజులూ కలిసి రావడం మన అదృష్టమే. మిల్లు ఖాళీగా ఉన్న నెలల్లో తయారైన యూనిట్లు ఎక్కడికి పోతాయన్నదే అసలు ప్రశ్న. గ్రిడ్డుకు పోతాయి, నిజమే. కానీ లెక్క తేల్చేనాటికి మిగిలిన యూనిట్‌కు దక్కేది మనం కొనే ధర కాదు, అంతకంటే బాగా తక్కువ. పైగా కేంద్ర నిబంధనలకు 2021లో వచ్చిన సవరణ ప్రకారం నెట్ మీటరింగ్, అంటే గ్రిడ్డుకు పంపిన యూనిట్లను మనం వాడినవాటిలోంచి తీసేసి బిల్లు వేసే పద్ధతి, 500 కిలోవాట్లకో, మంజూరైన లోడుకో, ఏది తక్కువైతే అంతకే పరిమితం. అందుకని సీజన్ మిల్లు యజమాని కప్పు ఎంత ఉందో కొలిచి పలకలు కొనకూడదు. పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని, పగటి పూట వాడకం ఎంతో చూసి, అంతకే కొనాలి.

ఈ లెక్క రొయ్యల ప్లాంటుకూ ఐసు ఫ్యాక్టరీకీ ఇంకా బాగా కుదురుతుంది. అక్కడ అమోనియా కంప్రెసర్లు ఏడాదిలో చాలా భాగం తిరుగుతూనే ఉంటాయి. ఎండ ఉన్న వేళ కంప్రెసర్లను నిండుగా నడిపి ఐసు గడ్డ కట్టించే ఉప్పునీటి (బ్రైన్) ట్యాంకునూ, కోల్డ్ స్టోరేజీనీ మరో రెండు డిగ్రీలు చల్లబరిచి ఉంచితే సాయంత్రం కాసేపు యంత్రానికి విశ్రాంతి ఇవ్వొచ్చు. అంటే లక్షలు పోసి బ్యాటరీ కొనకుండానే, పగటి కరెంటును చల్లదనం రూపంలో దాచుకున్నట్టే. చెరువు గట్టు మీద మాత్రం ఈ మాట నడవదు. నీటిలో ఆక్సిజన్ పడిపోయేది రాత్రి, ముఖ్యంగా తెల్లవారుజామున, నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరగాల్సిందీ అప్పుడే. పైగా ఆక్వా జోన్ల రైతుకు యూనిట్ రూపాయిన్నర రాయితీ ధరకే అందుతున్నప్పుడు సోలార్ ఏం గిట్టుబాటవుతుంది? ముందు కదలాల్సింది ప్రాసెసింగ్ ప్లాంట్లే. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎగబాకినప్పుడు రొయ్య ధర తమ చేతుల్లో లేదని ఎగుమతిదారులకు తెలిసొచ్చింది. కరెంటు ఖర్చు కొంతవరకైనా చేతుల్లో ఉన్నదే.

కొనేవారికి తరచూ ఎవరూ చెప్పని మాటలు రెండున్నాయి. గ్రిడ్డుకు కలిపిన సోలార్, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. కోతల వేళ ఆదుకుంటుందనుకుని పెట్టినవారు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆగిన మిల్లును చూసి తెల్లబోతారు. జనరేటరుతో జతచేసే కంట్రోలరు విడిగా కొనుక్కోవాల్సిందే. రెండోది డిమాండ్ చార్జీ, అంటే నెలలో ఎప్పుడైనా లాగిన గరిష్ఠ లోడును బట్టి పడే రుసుము. రాత్రి ఏడింటికి మిల్లు పూర్తి లోడులో ఉంటే ఆ నెల గరిష్ఠ డిమాండ్ అదే. పగటి పలకలు దాన్ని పైసా తగ్గించలేవు.

ఇక కప్పు సంగతి. ఊక బాయిలర్ పొగగొట్టం పక్కనున్న రేకు మీద ఉదయాన్నే వేలు పెట్టి రాస్తే మంచుకు తడిసిన బూడిద నల్లటి ముద్దలా అంటుకుంటుంది. పలక మీదా అంతే. ఎండెక్కాక అది పెచ్చు కడుతుంది, వాన పడినా పోదు. వారానికోసారి మనిషి నిచ్చెనెక్కి కడగాలి. అందుకు నడిచే దారి, నీళ్ల పైపు, నడుముకు తాడు కట్టుకునే కొక్కెం బిగింపు రోజునే అమర్చుకోవాలి. ఒక్క కొబ్బరిచెట్టు మట్ట నీడ పడినా వరుసలోని పలకలన్నీ నీరసిస్తాయి. పాత ఆస్బెస్టాస్ రేకుల మీదైతే మనిషి నడవడమే ప్రమాదం, ముందు కప్పు మార్చాలి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి చవక బోల్టు రెండు వానాకాలాలు కూడా ఆగదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తోటలను పడగొట్టిన తుపానును చూసినవారు ఇంకా మన మధ్యే ఉన్నారు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దాపునే తీరం దాటింది. కిలోవాటుకు రెండు వేలు తగ్గిస్తామని గాలి లెక్క వేయని చట్రం బిగిస్తే, ఆ పలక ఎగిరి పడేది పక్కవాడి ఇంటి మీద. ఇంజనీరు సంతకంతో కప్పు బలం తేల్చిన కాగితం, బీమా పత్రం లేకుండా బ్యాంకులు అప్పు ఇవ్వకపోవడమే మేలు.

కరెంటు పంపిణీ చేసే సంస్థల (డిస్కంల) బాధ్యత కూడా తక్కువేం కాదు. దరఖాస్తు వచ్చిన 15 రోజుల్లో సాధ్యాసాధ్యాలు తేల్చాలని కేంద్ర నిబంధనల 2024 సవరణ చెబుతోంది. ఏ ఫీడరులో, ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఇంకా ఎన్ని కిలోవాట్లకు చోటుందో సబ్‌స్టేషన్ వారీగా ముందే ప్రకటిస్తే మిల్లు గుమాస్తాకు ఆఫీసు చుట్టూ సగం తిరుగుళ్లు తప్పుతాయి. సీజన్ పరిశ్రమల మిగులు యూనిట్లను సార్వా నుంచి దాళ్వాకు మోసుకెళ్లి, ఏడాదికోసారి లెక్క తేల్చే పద్ధతిని విద్యుత్ నియంత్రణ మండలి పరిశీలించాలి. పెద్ద పరిశ్రమలు తమ కరెంటు తామే చేసుకుంటే రాబడి పోతుందన్న డిస్కంల భయం అర్థం లేనిదేమీ కాదు. అయితే వైర్ల ఖర్చు ఎంతో విడిగా తేల్చి బిల్లులో చూపించి వసూలు చేసుకోవచ్చు. ఫైలును బల్ల మీద నానబెట్టడం మాత్రం దానికి విరుగుడు కాదు.