ఏం కాదు, లేచి ఆడు!

డాక్టర్లు ఏళ్ల తరబడి చదివి, ఎక్స్‌రేలు తీసి, అప్పటికీ "ఓ వారం చూద్దాం" అంటారు పాపం. మైదానం గట్టు మీద నిలబడే నాన్నగారికి ఆ అవస్థ లేదు. 60 గజాల అవతల పిల్లాడు పడితే, వీడియో తీస్తున్న ఫోన్ దించకుండానే రోగమూ మందూ రెండూ చెప్పేస్తారు: "ఏం కాదు, లేచి ఆడు!"

మొన్న ఈ వైద్యం కళ్లారా చూశాను. 12 ఏళ్ల బౌలర్ ఎడమ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. కోచ్ స్ప్రే డబ్బా ఊపుకుంటూ పరుగున వచ్చి, దోమల మందు కొట్టినట్టు కొట్టాడు. ఎడమ మోకాలికి, కుడి మోకాలికి, ఎందుకైనా మంచిదని వికెట్ కీపర్‌కి కూడా కాస్త. అంపైర్ తుమ్మాడు. గట్టు మీంచి నాన్నగారు "వాడికి యాక్టింగ్ ఎక్కువండీ" అని కేస్ హిస్టరీ చెప్పారు. పక్కనున్న పెద్దాయన "మేమైతే విరిగిన కాలితోనే ఆడేవాళ్లం" అన్నారు. ఆయన ఇప్పుడు కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు కావాలి, అది వేరే సంగతి. ఇంతకీ ఆ స్ప్రే చేసేది చర్మాన్ని చల్లబరిచి కాసేపు నొప్పి తెలీకుండా చేయడం. కుక్క మొరుగుతుంటే దొంగ కోసం చూడకుండా కుక్క మూతి కట్టేయడమన్నమాట.

ఎదిగే పిల్లల ఎముకల చివర్ల దగ్గర గ్రోత్ ప్లేట్ అని మెత్తటి భాగం ఉంటుంది, పొడుగు పెరిగేది అక్కడే. చుట్టూ ఎముకల్ని కలిపి కట్టే పట్టీల (లిగమెంట్ల) కంటే అదే బలహీనం కాబట్టి, పెద్దాళ్లకి బెణుకుతో పోయే దెబ్బకి పిల్లలకి అక్కడ విరగొచ్చు. ఇక గబగబా పొడుగయ్యే రోజుల్లో గెంతులూ పరుగులూ ఎక్కువైతే, బిగుసుకున్న తొడ కండరం మోకాలి చిప్ప కిందున్న ఎముకని లాగి లాగి నొప్పి పెడుతుంది. దీన్ని డాక్టర్లు ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. నాన్నగారు బద్ధకం అంటారు.

13 ఏళ్లలోపు ఫాస్ట్ బౌలర్‌తో ఒక స్పెల్‌లో, అంటే ఒక విడతలో, 5 ఓవర్లు, రోజుకి 10 ఓవర్లు మించి వేయించొద్దని ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు రాసిపెట్టింది, వెన్నెముకలో పగుళ్లు రాకుండా. మన కోచ్‌కి 5 ఓవర్లంటే వార్మప్. వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆటకి విరామం ఇవ్వమని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ అంటుంది. ఆ నెలల్లోనే కదా స్పెషల్ క్యాంపు!

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ అదే మ్యాచ్‌లో ఇంకో పిల్లాడికి బంతి తలకి తగిలి, తూలుతూ, స్కోరెంతో చెప్పలేక దిక్కులు చూస్తుంటే వాడికీ అదే మాట, "ఏం కాదు". ఏం కాదని ఎవడు చెప్పాడయ్యా నీకు? కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిందన్న అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ ఆడించకూడదు, అంతే, ఫైనలైనా సరే. డాక్టర్ సరేనన్నాకే, అదీ మెల్లమెల్లగా, మళ్లీ ఆటలోకి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం పోవచ్చు. అరుదే. ఆ అరుదు నీ ఇంట్లో జరిగితే ఈ ప్లాస్టిక్ కప్పు ఏ గూట్లో పెట్టుకుంటావు?

మ్యాచ్ అయ్యాక మోకాలి కుర్రాడు కుంటుకుంటూ కిట్ బ్యాగ్ మోసుకెళ్తున్నాడు. "నొప్పిగా ఉందా నాన్నా?" అని అడిగాను. ముందు వాళ్ల నాన్న వైపు చూశాడు.

"ఏం కాదంకుల్" అన్నాడు.