పైవాడికి వినిపించే భాష

విజయనగరం గంటస్తంభం దగ్గర తెల్లవారుజామున పేపర్లు సర్దే కుర్రాడి ముందు తెలుగు దినపత్రికలు దొంతరలుగా ఉంటాయి. ఇంగ్లీషువి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి కూడా ఎక్కువగా చేరేది గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు చదివే పిల్లల గదులకే. అక్కడ వార్త కోసం వాటిని తిరగేసేవారి కంటే, సంపాదకీయంలో తెలియని మాటల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీసుకునేవారే ఎక్కువ. ఇదేమీ ఈ కాలపు వింత కాదు. ఈ దేశంలో ఇంగ్లీషు పత్రిక పొరుగువాడితో మాట్లాడడానికి కన్నా, పైవాడికి వినిపించడానికే ఎక్కువగా పనికొచ్చింది.

1780లో కలకత్తాలో హికీ మొదలుపెట్టిన 'బెంగాల్ గెజిట్' తెల్లవారి కోసం ఒక తెల్లవాడు నడిపిన పత్రిక. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌ను ఎండగట్టినందుకు హికీ జైలుపాలయ్యాడు, 1782లో అచ్చుయంత్రం జప్తయింది. దాదాపు వందేళ్ల తర్వాత, మద్రాసు హైకోర్టు జడ్జిగా భారతీయుడైన ముత్తుస్వామి అయ్యర్ నియామకాన్ని తెల్లవారి పత్రికలు తప్పుపట్టినప్పుడు, వాటికి వాటి భాషలోనే జవాబు చెప్పాలని ఆరుగురు యువకులు 1878లో 'ది హిందూ'ను 80 ప్రతులతో వారపత్రికగా ప్రారంభించారు. అదే ఏడు వైస్రాయ్ లిట్టన్ దేశభాషా పత్రికల నోరు నొక్కడానికి తెచ్చిన చట్టం ఇంగ్లీషును ముట్టుకోలేదు. దానికి దొరక్కుండా 'అమృతబజార్ పత్రిక' పూర్తిగా ఇంగ్లీషులోకి మారిపోయింది. అంటే, దేశభాషలో రాస్తే నేరమయ్యే మాటే ఇంగ్లీషులో రాస్తే అభిప్రాయం.

ఇదంతా కలకత్తా, మద్రాసుల ముచ్చటే అనుకోనక్కర్లేదు. 1883లో గురజాడ ఇంగ్లీషు కావ్యం 'సారంగధర' 'ఇండియన్ లీజర్ అవర్'లో వచ్చింది. దాన్ని కలకత్తాలో తన 'రీస్ అండ్ రయ్యత్'లో మళ్లీ వేసిన శంభుచంద్ర ముఖర్జీ, పరాయి భాషలో పేరు తెచ్చుకోవడం కష్టమని చెప్పి, ఆయనను తెలుగు వైపు మళ్లించారు. గురజాడను తెలుగుకు పంపింది ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకుడన్నమాట! అయినా 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'కు ఆయన ముందుమాట ఇంగ్లీషులోనే రాశారు. వాడుక భాషను సమర్థిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి రాసిన అసమ్మతి పత్రమూ ఇంగ్లీషే. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి కూడా ఆ వాదాన్ని ఇంగ్లీషులో వినిపించక తప్పలేదు. తీర్పు చెప్పేది మద్రాసు విశ్వవిద్యాలయం కదా.

ఆ పైవాడి చిరునామా తర్వాత ఢిల్లీకి మారింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషి ఇంట్లో చదివేది తెలుగు జిల్లా పేజీనే. ఆ ఊళ్ల తరఫున పై అధికారులకు ఇచ్చే అర్జీకి కత్తిరింపులు గుండుసూదితో గుచ్చేటప్పుడు మాత్రం, అన్నింటికన్నా పైన పెట్టేది ఇంగ్లీషు పేపరుదే.